బొంబాయి నీలం

విరూపాక్ష కలలు కనే మనిషి కాదు. అల్లం ధర తెలిస్తే చాలు, కలలతో పనేముంది అనేవాడు. అలాంటివాడు ఎనభై ఆరులో అల్లం లారీ వెంట బొంబాయి పోయి, ఒక చేపల దుకాణంలో డిస్కస్ చేపల్ని చూసి మతి పోగొట్టుకున్నాడు. పళ్లెంలా గుండ్రటి ఒళ్లు, ఒళ్లంతా నీలిగీతలు. అవి ఈదుతున్నాయో, నిద్రలో కదులుతున్నాయో తెలియలేదు. రూపాయి బిళ్లంత పిల్లల్ని నాలుగింటిని తెచ్చి, జహీరాబాద్‌లో తన ఇంటి ముందుగదిలో గాజుతొట్టి పెట్టుకున్నాడు. ఆ నీలం ఇంట్లో విచ్చుకునే రోజు కోసం ఎదురుచూడటమే పనైపోయింది.

ఏడాది గడిచినా విచ్చుకోలేదు. పిల్లలు చిక్కి, మసిపట్టిన గిన్నెల్లా నల్లబడి మూలకు నక్కాయి.

"జాత్ మంచిది గాదే. గీసారి మేలు జాతి తెస్త," అన్నాడు భార్య శరణమ్మతో.

"వీటినేం జేస్తరు మరి? పొద్దుగాల పూజ జేసుకోని లేస్తె నా ముఖమే జూస్తయి," అందామె. ఆయన వినిపించుకోలేదు. నీలం పట్టిన మనిషికి నలుపు మీద జాలి ఎక్కడుంటుంది?

అట్టపెట్టె చంకన పెట్టుకుని బొంబాయి బస్సెక్కాడు. అదే దుకాణం, అదే ముసలి యజమాని. తొట్టిలో అరచేయంత చేపలు, నీలిమంటల్లా. "ఇట్లాంటి మేలు జాతి కావాలి" అని హిందీలో అడిగాడు. ముసలాయన వింతగా చూశాడు. ఇవీ, నిరుడు నువ్వు తీసుకెళ్లినవీ ఒక్క తల్లి పిల్లలే, ఏం పెడుతున్నావు వాటికి అన్నాడు.

విరూపాక్ష మెడలోని లింగాన్ని తడుముకుంటూ గర్వంగానే చెప్పాడు. మేం లింగాయతులం, మా ఇంట్లోకి నీసు రాదు, అటుకుల పొడి, ఉడికిన బఠానీ పెడతాం అని. ముసలాయన పడీపడీ నవ్వాడు. ఎదుటి మనిషి ముఖం చూసి నవ్వు ఆపేశాడు. నువ్వు లింగాయతువే, చేప కాదు కదా, దానికి పురుగో పుట్రో కావాలి అన్నాడు మెల్లగా.

విరూపాక్షకు తల కొట్టేసినట్టయింది. ఏడాది పాటు ఆకలిని చూసి జాతి తక్కువ అనుకున్నాడు. కొత్త చేపలు కొనడానికి చేయి రాలేదు. ఖాళీ పెట్టెతో తిరిగి వస్తుంటే బస్సు కిటికీలో పొలాలన్నీ నీళ్లలో మునిగినట్టు కనిపించాయి. కళ్లు తుడుచుకున్నాక గాని అవి చెరుకు తోటలని తెలియలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు.

"పురుగులు ఇంట్లెకు రావొద్దు," అంది శరణమ్మ. "తొట్టి గోదాముకు తీస్కపోన్రి. తానం జెయ్యకుంట లోపలికి రావొద్దు. నేనైతే చూడ రాను."

తొట్టిని అల్లం గోదాముకు మార్చారు. అల్లం కడిగే చోట తడిమట్టిలో ఎర్రలకు, అదే వానపాములకు, కొదవలేదు. మొదటి ఎర్రను పట్టుకునే ముందు విరూపాక్ష మెడలోని లింగాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. "శివా, క్షమించు" అనుకుంటూ కడిగి, కోసి, నీళ్లలో వేశాడు. మూలనున్న నాలుగూ ఒక్కసారిగా పైకొచ్చాయి. అవి తినడం చూస్తుంటే ఆయనకు సంతోషం, సిగ్గు రెండూ కలిగాయి. అప్పటినుంచి రోజూ రెండు పూటలా ఎర్రలు, రెండు పూటలా స్నానం. బజారంతా ఆయన మడి చూసి నవ్వుకున్నా పట్టించుకోలేదు.

నాలుగు నెలలు పోయాక, ఒక సాయంత్రం టీ చెంబు ఇవ్వడానికి శరణమ్మే గోదాముకు వచ్చింది. కిటికీలోంచి వాలుగా పడిన ఎండలో తొట్టి మెరుస్తోంది. మట్టివాసన, అల్లం ఘాటు మధ్య నాలుగు నీలి చేపలు తీరిగ్గా తేలుతున్నాయి. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"లారీ డ్రైవర్‌తోని తెప్పించిన్రు గదా? నాకు జెప్పనేలేదు," అంది. "మరి మనవేవి? సచ్చిపోయినయా?"

"ఇవి మనవే, శరణా."

ఆమె నమ్మలేదు. దగ్గరికి పోయి గాజు ముందు వంగింది. చేపలు మెల్లగా తిరిగి, నాలుగూ వరసగా ఆమె ముఖంలోకి చూశాయి. శరణమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"శివశివా," అంది. "గింత రంగును పస్తులుంచినమా?"