తాడు పట్టే మనిషి

భర్త విద్యాసాగర్ లంచ్‌బాక్సు మూతకు పట్టిన చేపల పులుసు జిడ్డును లింగేశ్వరి రుద్దుతుండగా, ఆ మహానుభావుడు సోఫాలోంచే తీర్పు చెప్పేశాడు. "పిల్ల కొండ దిగుతుంటే తాడు నువ్వు పట్టుకుంటావా? ఆ అడవి పనులు నీకెందుకిప్పుడు?"

ఇంగ్లండులోని షెఫీల్డ్ ఆసుపత్రిలో పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చిన నర్సుకి వాదించే ఓపిక ఎక్కడిది? పదహారేళ్ళ కూతురు భావన క్లైంబింగ్ నేర్చుకుంటుంటే ఏడాదిగా వెంట వెళ్తున్నది తనే. ఊరికే కూర్చోలేక తాడు పట్టడం నేర్చుకుంది, పరీక్ష కూడా పాసైంది. ఆ సంగతి విద్యాసాగర్ ఏనాడూ అడగలేదు. రేపు భావన మొదటిసారి నిజమైన కొండ దిగాలి. తాడు పట్టాల్సిన స్నేహితురాలికి జ్వరం.

అడవి అనే మాట ఆ ఇంట్లో తిట్టు. "చెంచుల పిల్లవని ఇక్కడెవరికీ చెప్పలేదమ్మా" అని అత్తగారు ఆండాళమ్మ ఫోన్లో మహోపకారం చేసినట్టు చెప్పేది. నల్లమలలో నాయన తేనె కోసం కొండచరియ దిగితే పైన తాడు పట్టేది అమ్మ తమ్ముడే. అక్క తాళి తెగనివ్వడని నమ్మకం. పదేళ్ళ లింగేశ్వరి ఒకసారి నేనూ దిగుతానంది. నాయన పగలబడి నవ్వాడు. "ఆడపిల్లకు తాడెవరు పడ్తరే?" ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ మంటే.

మర్నాడు కొండ అంచున, విద్యాసాగర్ ఓ పక్కన నిలబడి చూస్తుండగా, ఇన్‌స్ట్రక్టర్ ముడులన్నీ సరిచూశాడు. భావన దిగడం మొదలుపెట్టింది. సగంలో కాలు జారింది. తాడు ఒక్క కుదుపుతో బిగిసింది. లింగేశ్వరి చెయ్యి వదల్లేదు.

"అమ్మా! హావ్ యూ గాట్ మీ?"

"పట్టుకున్నా తల్లీ. నిదానంగా దిగు."

కాసేపటికి కిందనుంచి "సేఫ్!" అన్న కేక వినపడింది. లింగేశ్వరికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. విద్యాసాగర్ చెమట తుడుచుకున్నాడు. "హమ్మయ్య! ఇక పద. ఆకలేస్తోంది, వెళ్ళి ఏదైనా వండు."

భావన కాలిబాటన పైకొచ్చేదాకా ఆగి, లింగేశ్వరి తన హెల్మెట్ బిగించుకుంది. "నేనూ దిగుతాను."

"పిచ్చా నీకు? సరే, తాడు నేను పట్టుకుంటాలే."

"మీకు రాదు లెండి."

తాడు కూతురి చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నదేదో భుజాల మీంచి దిగిపోయినట్టయింది. నాయనా, చూడు, నాకూ తాడు పట్టే మనిషి ఉంది అనుకుంటూ వెనక్కి వాలింది.