మెట్ల కాడ దించిన నీళ్ళు

ముసలయ్యకు ఈ వయసులో షోకు పుట్టిందనీ, కొలువు చేసిన దొరగారి గడికే పెళ్ళాంబిడ్డల్ని చుట్టాల్లెక్క తోలుకపోతున్నాడనీ పక్కింటి మంగమ్మ బోరింగు కాడ అన్నదట. ఆ మాట భార్య నాగక్క మోసుకొచ్చేసరికి ముసలయ్య గడి వాకిలి ఊడ్చి, వేపాకు కుప్ప చేస్తున్నాడు. నవ్వాడు. షోకే మరి. గడి అమ్ముడైంది. సాయంత్రం దాన్ని కొన్న కల్లూరు ఆసామి మనిషి వచ్చి తాళాలు పట్టుకుపోతాడు. ఈలోపు నాగక్కకు మేడ చూపించాలి.

దొర బిడ్డ రుక్మిణమ్మ హైదరాబాదు నుంచి ఫోనులో, “చూపించుకో ముసలయ్యా, దానికి అడిగేదేముంది?” అన్నది. ఆ ఒక్క మాటకు రెండు రోజులు పొంగిపోయాడు.

వయసులో ఉండగా నాగక్క పన్నెండేళ్ళు గడికి గోదారి నీళ్ళు మోసింది. బిందె మెట్ల మొదట్లో దించడం వరకే ఆమె పని; పైకి మోసేది లోపలి పనివాళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడ పోసుకునేవారో చూడాలని ఆమె కోరిక. దొరలు వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు. తాళాలు ముసలయ్య మొలతాడుకే ఉన్నాయి.

కూతురు కళావతి, మనవరాలు కూడా వచ్చారు. ముసలయ్య పెద్ద తలుపులు తెరిచి, లోపలికి పొమ్మని వాళ్ళకు చెయ్యి చూపాడు. తాను చెప్పులు చేతపట్టుకుని, ప్రహరీ వెంట తిరిగి పనివాళ్ళు వచ్చిపోయే దొడ్డివాకిలికి పోయాడు. దానికి లోపల గొళ్ళెం పెట్టి ఉంది. పొద్దున పెట్టింది తానే.

“ఓ కళావతీ, గొళ్ళెం తియ్యవే!”

నాగక్క తీసింది. “ముందల తలుపులు బార్లా పెట్టి గిట్ల వచ్చినవేందయ్యా?”

“కాళ్ళు ఇటే తెచ్చినయి.”

మోకాళ్ళు పట్టుకుని ఆమె ఒక్కో మెట్టే ఎక్కింది. పైన స్నానాల గదిలో తెల్లటి పింగాణీ తొట్టి, లోపల తుప్పు చార. మనవరాలు అందులో దిగి కూర్చుంది.

“లే పోరీ, దొరసాని తానం చేసిన తొట్టి!”

“ఉండనియ్యయ్యా,” నాగక్క తొట్టి అంచు నిమిరింది. లోపలికి తొంగిచూసింది. “ఇంత లోతా! మరి నా నడుము పోదా?”

నలుగురూ నవ్వారు.

కిటికీలోంచి ఇసుక మధ్య గోదారి సన్నగా కనిపిస్తోంది. కళావతి కడుపులో అడ్డం తిరిగిననాడు దొర తన జీపులోనే నాగక్కను భద్రాచలం దవాఖానాకు పంపాడు. ముసలయ్య ఆ సంగతి మళ్ళీ చెప్పి గోడకు దండం పెట్టాడు. “ఆ జీపు లేకుంటే మీ ఇద్దరు లేరు.”

“అవ్. అది మరిచేది కాదు.” నాగక్కా దండం పెట్టింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, “నువ్వు గూడ కూసో,” అన్నది.

“నా కొలువు పొద్దుగూకేదాకా ఉన్నది,” అంటూ నిలబడే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఆసామి మనిషి ఆదినారాయణ మోటారుసైకిలు మీద వచ్చాడు. ముసలయ్య మొలతాడు ముడి విప్పబోతే ఒక పట్టాన రాలేదు.

“అమ్మగారి దయ సారూ, మావోళ్ళకు మేడ చూపించుకున్న. మా ఇంటిది పన్నెండేండ్లు నీళ్ళు మోసింది. ఇయ్యాలే మీదికెక్కింది.”

ఆదినారాయణ నాగక్క వైపు తిరిగాడు. “ఇరవై ఏండ్ల సంది తాళాలు మీ కాడనే ఉండె గద. ఒక్కపారన్న ఎక్కలేదా పెద్దమ్మా?”

“ఎవరు రమ్మనలే బిడ్డా.”