నీలిచారల సౌనా గుడ్డ

ఆదివారం పొద్దున లేవగానే తైనా చేసే మొదటి పని సౌనాలో, అంటే ఆవిరిస్నానం చేసే చెక్కగదిలో, గుడ్డలు పోగుచెయ్యడం. శనివారం సాయంత్రం అందరూ వాటి మీద కూర్చుని, చెమటలు కక్కి, సరస్సులో మునిగి, కాఫీలు తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటూ ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. గుడ్డలు మాత్రం బల్ల మీదే ఉండిపోతాయి. ఎవరిది ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలదు తైనా. మొగుడు యౌనిది బూడిదరంగుది, ఎప్పుడూ ఉండచుట్టుకుని కింద పడి ఉంటుంది. అత్తగారు హెల్విది అంచుకి ఎర్రదారం కుట్టింది. ఆడపడుచు వీర్పిది నీలిచారల నారగుడ్డ. అది మాత్రం నాలుగు మూలలూ లాగి చక్కగా పరిచి ఉంటుంది, ఉతికేవాళ్ళ మీద ఏదో దయతలిచినట్టు. ఆ దయ చూస్తే తైనాకి ఒళ్ళు మండుతుంది. అంత చక్కగా పరిచే ఓపిక ఉన్నదానివి చుట్టచుట్టి ఇంటికి పట్టుకుపోవచ్చుగా అని ఇరవై మూడేళ్ళుగా అనుకుంటూనే ఉంది. పైకి ఒక్కసారీ అన్నది లేదు.

ఒళ్ళు మండడం అనేది ఈమధ్య మాటవరసకి కాదు. నలభై తొమ్మిది దాటాయి ఆమెకి. నెలసరి పిలవని చుట్టంలా వస్తుంది, వస్తే పోదు, పోతే మూడు నెలలు అజా ఉండదు. గుండెల్లో మొదలై మెడ మీదుగా నెత్తికెక్కే ఆ ఆవిరికి వేళా పాళా లేదు. ఆమె పనిచేసేది బడి వంటగదిలో. గురువారం నాలుగొందల మంది పిల్లలకి బఠానీ సూపు. ఆ గుండిగ ముందు నిలబడి కలుపుతుంటే కళ్ళలోకి చెమట కారి, ఏది సూపు ఆవిరో ఏది తన ఆవిరో తెలియదు. వెనక తలుపు తీసి మైనస్ పద్దెనిమిదిలో రెండు నిమిషాలు నిలబడితే, వంటగది పెద్ద కిమ్మో అందరూ వినేలా, "తైనాకి ఎండాకాలం వచ్చేసింది, గడ్డకట్టిన చేపలు ఆవిడ పక్కన పెట్టండర్రా, తొందరగా కరుగుతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. తైనా కూడా నవ్వింది. నవ్వినందుకు ఆ సాయంత్రమంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొస్తే యౌని. చెడ్డవాడేం కాదు. కట్టెలు కొడతాడు, మంచు ఎత్తిపోస్తాడు. కాకపోతే అతని నోట్లో ఒక మాట ఉంది, రోజుకి రెండుసార్లయినా బయటికి రాకపోతే తోచదు. మా వీర్పిని చూడు. దుప్పటి తన్నేసి లేచి కూర్చుంటే, "మా వీర్పిని చూడు, నీకన్నా ఏడాది పెద్ద, హాయిగా నిద్రపోతుంది." పళ్ళెం గట్టిగా పెడితే, "మా వీర్పిని చూడు, ఎప్పుడైనా విసుక్కుంటుందా?"

చూస్తూనే ఉంది తైనా. ఆ చూడ్డమే ఆమె కొంప ముంచింది. యాభై ఏళ్ళ మనిషి మెడ అంత పొడిగా ఎలా ఉంటుంది? కళ్ళ కింద ఒక్క నలుపు లేదు. నవ్వితే ఎవరో లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. పొద్దున్నే అవిసె గింజలు నానబెట్టుకుని తింటుంది, సేజ్ ఆకు కషాయం తాగుతుంది, కాఫీ మానేసింది, వైన్ మానేసింది, వారానికి నాలుగు పొద్దుటిపూటలు సరస్సులో మంచు కోసిన గుంటలో దిగుతుంది. పైగా బుధవారం సాయంత్రాలు చర్చి హాల్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి తరగతి. "మందుల్లేకుండా యాభై దాటుదాం" అని తలుపు మీద కాగితం. ఇరవై మంది వస్తారు. వాళ్ళకి పెట్టే అవిసె రొట్టెలు మంగళవారం కాల్చేది మాత్రం తైనా. "నీ చేత్తో చేస్తే ఆ రుచే వేరు" అంటుంది వీర్పి. ఆ మాటకి ఈమె కరిగిపోతుంది, అదొక దరిద్రం.

కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. వీర్పి ఒంటిని చూస్తే తైనాకి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకేవి. తను మాత్రం ప్రయత్నించలేదా? కాఫీ మానేస్తే మూడు వారాలు తలనొప్పి. కషాయం కాచుకుంటే తాగే లోపల అత్తగారి దగ్గర్నించి ఫోను, తిరిగొచ్చేసరికి సింకు పక్కన చల్లారి ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్క మంగళవారం, మంచుగుంటలో దిగింది. మెడదాకా నీళ్ళు రాగానే లోపల రెండేళ్ళుగా అరుస్తున్నదేదో టక్కున నోరు మూసింది. ఆ రాత్రి తెల్లారేదాకా మెలకువ రాలేదు. మరుసటి మంగళవారం మళ్ళీ తువ్వాలు సర్దుకుంటుంటే హెల్వి ఫోను చేసింది, తలస్నానానికి ఎప్పుడొస్తున్నావని. మంగళవారం హెల్వి తలస్నానం, జుట్టు చుట్టడం, వారం మాత్రలు డబ్బాలో సర్దడం. వీర్పికి చేస్తే ఫోను ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, నీళ్ళల్లో ఉంటుందిగా.

"ఒళ్ళు మనకి ఏదో చెప్తూనే ఉంటుంది తైనా, మనమే వినం" అనేది వీర్పి, పైబల్ల మీద కళ్ళు మూసుకుని. నా ఒళ్ళు చెప్పేది వినాలంటే ముందు మీ అమ్మ ఫోను కట్టెయ్యాలి కదా అనుకునేది తైనా. గట్టున కూర్చున్నవాళ్ళకి లోతేం తెలుస్తుంది.

పోయిన ఏప్రిల్లో డాక్టర్ దగ్గర సమయం తీసుకుంది. బడి వంటగదిలో తనతో పనిచేసే మెర్యా చెప్పింది, నడుం కింద అంటించుకునే హార్మోన్ పట్టీ ఉంటుందని, వారానికి రెండుసార్లు మార్చుకోవడమేనని. బట్టలు మార్చుకునే గదిలో స్కర్టు కాస్త కిందికి జరిపి చూపించింది కూడా. గోరంత పొడుగు, సన్నటి పారదర్శకమైన ముక్క. "నాకిది పడింది, నీ సంగతి డాక్టర్ని అడుగు" అంది. ఇంట్లో చెబితే యౌని చెంచా కింద పెట్టాడు. "మా వీర్పి ఒక్క మాత్ర మింగకుండా దాటేస్తోంది. నీకే ఎందుకొచ్చింది డాక్టర్ల గోల? కొంచెం మనసు గట్టి చేసుకోవాలి." తైనాకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఫోను చేసి రద్దు చేసుకుంది. అప్పట్నించి ఈ ఫిబ్రవరి దాకా ఎన్ని రాత్రులు గోడకానుకుని కూర్చుందో, ఎన్ని పొద్దుటిపూటలు చేతిలో బుట్ట ఎందుకు పట్టుకున్నానో మర్చిపోయి నిలబడిందో ఆమెకే తెలుసు.

ఆ ఆదివారం నీలిచారల గుడ్డ విదిలించి మిషన్లో వెయ్యబోతుంటే వేలికి ఏదో అతుక్కుంది. చేప పొలుసేమో అనుకుంది. దులిపితే పోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. గోరంత పొడుగు, సన్నటి పారదర్శకమైన ముక్క, మీద చిన్న చిన్న అక్షరాలు. వేడికి జిగురు వదిలి గుడ్డకి అంటుకుపోయింది.

తైనా మిషన్ మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడింది. ఏడాదిగా వీర్పి సౌనాలో తువ్వాలు చుట్టుకుని కూర్చుంటోంది. పుట్టినప్పట్నించీ ఒంటి మీద నూలుపోగు లేకుండా కలిసి కూర్చున్న ఆడవాళ్ళ మధ్య అదేం వింత అని అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. ఒళ్ళు బిగుతుగా ఉన్నదని టెక్కు అనుకుంది తైనా, మనం చూసి దిష్టి పెడతామనేమో అనుకుంది. ఇదా సంగతి. ఇంత జాగ్రత్తా పడి, గుడ్డ మాత్రం అలవాటు చొప్పున ఇక్కడ పడేసి పోయింది. జీవితంలో ఒక్కసారి తన గుడ్డ తను ఉతుక్కుని ఉంటే దొరికేది కాదు మహాతల్లి.

పట్టీని కాఫీ వడకట్టే కాగితంలో మడిచి మసాలా సీసాల వెనక దాచింది. ఆ వారమంతా ఆమె కడుపులో ఒక పండగ, ఒక చితి. మంగళవారం రొట్టెల పిండి పిసుకుతూ, రేపు చర్చి హాల్లో ఇరవై మంది ముందు లేచి నిలబడి ఆ కాగితం విప్పుతున్నట్టు ఊహించుకుంది. వీర్పి మెడ చెమటతో తడిసిపోవాలి, ఒక్కసారి, అందరూ చూస్తుండగా. అది తలుచుకుంటే ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. కాని పిండి పొంగే లోపల ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. పట్టీ సంగతి తెలిశాక ఈ కుళ్ళు చల్లారాలి కదా, ఆ అందమంతా మందేనని తేలిపోయింది కదా, మరి చల్లారలేదేం? ఇంకా మండుతోంది. బుధవారం హాలుకి వెళ్ళలేదు. రొట్టెలు మాత్రం పంపింది.

శనివారం వచ్చింది. ఆడవాళ్ళ వంతు ముందు. తైనా హెల్వి వీపు రుద్దుతుంటే ముసలావిడ కూతుర్ని కిందినించి పైదాకా చూసింది.

"నా కడుపులోంచి వచ్చినదానివి, నా దగ్గరేంటే తువ్వాలు? లోపల ఏం దాచావు, ఆవుదూడనా?"

"చలేస్తోందమ్మా" అంది వీర్పి.

"సౌనాలో చలేసిన మనిషిని ఎనభై మూడేళ్ళలో ఇప్పుడే చూశా. మా కాలంలో ఈ వయసు ఆవిర్లకి పేర్లే లేవు. ఒళ్ళు మండితే మంచులో పొర్లేవాళ్ళం, లేచి పాలు పితికేవాళ్ళం. ఎవరూ అడిగేవాళ్ళు కాదు కూడాను." చివరి మాట కాస్త మెల్లగా అంది హెల్వి.

ఆవిణ్ణి బయటికి నడిపించి, ఒళ్ళు తుడిచి, ఉన్ని మేజోళ్ళు తొడిగి, పొయ్యి ముందు కూర్చోబెట్టి వచ్చింది తైనా. తలుపు మూసింది. కాగితం విప్పి బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టింది.

"పోయినవారం నీ గుడ్డకి అంటుకుంది."

వీర్పి దాన్ని చూసింది. ఆవిరి కోసం కాలే రాళ్ళ మీద నీళ్ళు పోద్దామని ఎత్తిన గరిటె మళ్ళీ బకెట్లో పెట్టేసింది.

"ఎప్పట్నించి?" అడిగింది తైనా.

"కిందటేడు జనవరి నించి. మొదట్లో నిజంగానే మందుల్లేకుండా నడిపాను, నమ్ము. గింజలు, ఈత, అన్నీ. కొంత తగ్గింది కూడా. నిద్రే రాలేదు. ఒకరోజు కారులో ఎర్రదీపం దగ్గర తూగిపోయాను, వెనకవాడు హారన్ కొడితే లేచాను. అప్పటికే ఇరవై మంది నా మాట నమ్మి వస్తున్నారు. ఏ మొహంతో చెప్పను?"

"వాళ్ళకి చెప్పకపోతే పోనీ. నాకు?" తైనా గొంతు లేవలేదు, ఆమెకే ఆశ్చర్యం. "ఏప్రిల్లో నీ పేరు చెప్పి మీ తమ్ముడు నా చేత డాక్టర్ని మాన్పించాడు. ఆ శనివారం ఈ బల్ల మీద కూర్చుని నువ్వేమన్నావో గుర్తుందా? మంచి పని చేశావు తైనా, ఒళ్ళు చెప్పేది విను అన్నావు. తువ్వాలు చుట్టుకుని అన్నావు."

వీర్పి తల వంచుకుంది. మెడ మీద చెమట చుక్క ఒకటి జారింది. తైనా వారమంతా ఎదురుచూసింది దానికోసమే. తీరా చూస్తే ఏమీ తియ్యగా లేదు.

"ఈత అబద్ధం కాదు" అంది వీర్పి, చిన్నగా.

"తెలుసు. ఒక్కసారి దిగాను. నాకు కుళ్ళు నీ పట్టీ మీద కాదు వీర్పీ. నీ మెడ మీదా కాదు, ఇన్నాళ్ళూ అదే అనుకున్నా. నీ పొద్దుటిపూటల మీద. నువ్వు నీళ్ళల్లో ఉన్నప్పుడు నీ ఫోను మోగదు చూడు, దాని మీద."

"ఎవరికైనా చెప్తావా?"

"నేను చెప్పను, అది నువ్వు చెప్పుకోవాల్సింది. వచ్చే మంగళవారం నించి మీ అమ్మ తలస్నానం నీది. నేను సరస్సులో దిగాలి."

"మంగళవారం నాకు..."

"నాకూ."

బట్టలేసుకుని బయటికొచ్చి, కాఫీ బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక, తైనా తడి నీలిచారల గుడ్డని చుట్టచుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి వీర్పి ఒళ్ళో పెట్టింది. యౌని దాల్చినచెక్క బన్ను నములుతూ చూశాడు.

"అదేంటి, ఎప్పుడూ నువ్వేగా ఉతికేది?"

"ఇక ఎవరిది వాళ్ళే. నీదింకా బల్ల కింద ఉంది. అన్నట్టు, సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, సమయం తీసుకున్నా."

"మళ్ళీనా?" యౌని బన్ను దించాడు. "ఎన్నిసార్లు చెప్పాలి, మా వీర్పిని చూడు..."

"చూస్తున్నాను" అంది తైనా.

నిజంగానే చూసింది, కళ్ళార్పకుండా. ఆమె చూపు పట్టుకుని యౌనీ అటే చూశాడు, పొయ్యి దగ్గర్నించి హెల్వి కూడా చూసింది. వీర్పి కషాయం కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో సంచి చప్పుడు చేసింది.

"వెళ్ళనీ యౌనీ" అంది ఎట్టకేలకి. "నేనూ వెళ్తున్నాను. ఏడాదిగా."

యౌని చేతిలో బన్ను అలాగే ఉండిపోయింది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. ఆ తర్వాత వీర్పి తైనా వైపు తిరిగి, బడిలో కొత్తగా చేరినదానిలా అడిగింది. "అమ్మ తలకి ఏ షాంపూ వాడతావు?"

జవాబు పొయ్యి దగ్గర్నించి వచ్చింది. "పచ్చ సీసా. ముందు మెడ వెనక పొయ్యాలి, కళ్ళల్లో పడకూడదు. నీకవన్నీ రావులే, తైనాకే తెలుసు."

"తనకీ తెలుస్తుందిలేమ్మా" అంది తైనా, తన కప్పులో కాఫీ పోసుకుంటూ. "నాకు మాత్రం ఎవరు నేర్పారు?"