ప్రారంభోత్సవం, నాలుగు కాపీలు

మా స్కానింగ్ సెంటర్‌లో రోగుల బొమ్మలన్నీ దాచే కంప్యూటర్ ఒక్కటే. నేనక్కడ టెక్నీషియన్‌ని. ఎవరైనా ఫిల్మ్ అడిగితే, "అక్కర్లేదండీ, మా కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది" అని చెప్పి పంపడం మా పద్ధతి. బొమ్మ ఉందిగా అని, ఏదైనా మచ్చ కనబడినా రిపోర్టులో దాని కొలత కూడా రాయం.

పోయిన నెల ఆ కంప్యూటర్ అప్‌డేట్ అడిగింది. చేయకపోతే స్కానింగ్ యంత్రంతో కలవదన్నారు కంపెనీవాళ్ళు. అప్‌డేట్‌కి ఇరవై జీబీ ఖాళీ కావాలి. మా దగ్గరున్నది మూడు.

చోటంతా ఎవరు మింగారో చూశాను. ప్రారంభోత్సవం, ప్రారంభోత్సవం కొత్తది, ప్రారంభోత్సవం ఫైనల్, ప్రారంభోత్సవం అసలు ఫైనల్. సెంటర్ తెరిచిన రోజు వీడియో అది, ఒక్కోటి పది జీబీ. సెంటర్ పెట్టిన డాక్టరుగారి బావమరిది, అంటే మా మేనేజరు, పెట్టించినవి.

"రెండు తీసేస్తే సరిపోతుందండీ," అన్నాను.

"అలా ఎలా తీస్తావయ్యా? మా బావ రిబ్బన్ కత్తిరించేది ఏ దాంట్లో బాగుందో ఇంకా తేల్చలేదు."

"మరి వేరే డిస్క్ తెప్పించండి. అడిగి తొమ్మిది నెలలైంది."

"రోగులవి తీసెయ్," అన్నాడు తాపీగా. "బాగైనవాళ్ళు ఎలాగూ రారు. బాగవనివాళ్ళు మళ్ళీ తీయించుకుంటారు."

ఆ మాట అంటూ పళ్ళు కుట్టుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, నొక్కింది నా వేలే. మళ్ళీ మళ్ళీ ఈ గొడవ వద్దని మూడు నెలలు దాటినవన్నీ తీయించాడు. కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా దగ్గరుండి ఖాళీ చేయించి చేతులు దులుపుకున్నాడు. అప్‌డేట్ అయ్యాక చూద్దును కదా, వెనక్కి వెళ్ళాలనిపిస్తే పనికొస్తుందని కంప్యూటర్ తన పాత సిస్టమ్‌ని పది రోజులపాటు ఒక పక్కన దాచిపెట్టుకుంది. దానికున్నపాటి బుద్ధి మాకు లేకపోయింది.

నిన్న కుట్టుపని చేసే అక్క వచ్చింది. ఆరు నెలల కిందట ఆవిడ ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడింది. మళ్ళీ తీసి పోల్చాలి, పెరిగితే కోయాలి, లేకపోతే వదిలేయొచ్చు అని చెప్పి పంపారు. ఆరు నెలలూ ఆ ఒక్క జవాబు కోసమే ఉంది.

"నువ్వు ఫిల్మ్ అక్కర్లేదన్నావుగా తమ్ముడూ, ఏం తేలేదు," అంది బల్ల మీద పడుకుంటూ.

స్కాన్ అయింది. మచ్చ ఉంది. డాక్టరుగారు పాతది తెరవమన్నారు. లేదన్నాను. ఆయన బావమరిది వైపు చూశారు. బావమరిది ఫ్యాన్ వైపు చూశాడు.

"పోనీ, ఇంకో మూడు నెలలాగి తీద్దాం. అప్పుడు ఇవాల్టిదానితో పోలుద్దాం," అని డాక్టరుగారు తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. అంతే. బావమరిది మీద విసుక్కోనైనా లేదు. అది చూసి మేనేజరు మీదకన్నా ఆయన మీదే ఎక్కువ రోత పుట్టింది.

"కంప్యూటర్ పాడైందని చెప్పు," అన్నాడు మేనేజరు నా చెవిలో.

అక్క హాల్లో కుర్చీలో కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. నేను ఇవాల్టి ఫిల్మ్ తీసి ఆవిడ చేతికిచ్చాను.

"పెరిగిందా తమ్ముడూ?"

"తెలీదక్కా. పాత బొమ్మ తీసేశాం. నేనే తీసేశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎందుకు?"

"చోటు చాల్లేదు."

"నాది ఎంత చోటు పట్టిందని? దేనికి కావాల్సొచ్చింది?"

హాల్లో టీవీ నడుస్తోంది. రోజంతా అందులో నడిచేది ఒక్కటే. మేనేజరు పళ్ళెంలో కత్తెర అందిస్తున్నాడు, డాక్టరుగారు రిబ్బన్ పట్టుకుని కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నారు. నేను దానివైపు చెయ్యి చూపించాను.

అక్క చూసింది. రిబ్బన్ తెగేదాకా చూసి, ఫిల్మ్ సంచిలో పెట్టుకుని లేచింది.