రద్దయిన నంబర్ల పుస్తకం

ఎర్ర పెన్సిలు మొనను నాలుకపై తడిపి, అగ్రి 3204 కింద గీత గీయబోయిన ఏసుమణి చేయి ఆగిపోయింది.

కళాశాల పరీక్షల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లుగా కోర్సులకు కోడ్‌లు కట్టిన ఆమెకు అది చివరి పనిదినం. అక్షరాలు శాఖను, మొదటి అంకె సంవత్సరాన్ని, రెండవది సెమిస్టరును, చివరి రెండూ వరుసను చెబుతాయి. 3204 అంటే వరి తెగుళ్లు. అల్లూరు చేలు రొయ్యల గుంటలయ్యాక, ఈ మధ్యే ఆ కోర్సు రద్దయింది. రద్దయిన నంబరు కింద ఎర్ర గీత గీసి, దాన్ని ఆమె మరొక కోర్సుకు ఎన్నడూ ఇవ్వలేదు. ఎవరి మార్కుల మెమోలోనో అది బతికే ఉంటుంది. ముందున్న నీలి అట్ట పుస్తకంలో అటువంటివి నూట పదిహేడు.

ఆమె చేయి ఆపింది షారన్ తయారు చేసిన కొత్త జాబితా. అందులో 3204 రొయ్యల హేచరీ కోర్సుకు దక్కింది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. పాత కోడ్‌లన్నీ రెండు వారాల్లో కంప్యూటరుకెక్కించింది. వాటిని అందరూ ‘షారన్ కోడ్‌లు’ అంటున్నారు. వాటిని కట్టి కట్టి వేలి కణుపు కాయ కాచిన మనిషి పేరు ఏ కాగితం మీదా లేదు. ఏసుమణి ఆ పుస్తకం సంగతి షారన్‌కు చెప్పకుండా సొరుగులో పెట్టి మూసింది.

పదకొండింటికి పాత విద్యార్థి తహీర్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

“మేడం, నేను చదివింది వరి తెగుళ్లు. నా మెమో నిజమైందేనని మొన్న మీరిచ్చిన కాయితంలో అదే నంబరుకు రొయ్యల హేచరీ అని ఉండాది. రేపు బుచ్చిరెడ్డిపాలెంలో ఇంటర్వ్యూ. నా మెమో దొంగదనుకోరా?”

షారన్ తెర మీద వెతికి వెతికి, ముఖం కందిపోయి, ఏసుమణి వైపు తిరిగింది. “ఆంటీ, ఇదేంది?”

“కోడ్‌లు నీయే గదమ్మా. నీకే తెలియాల.”

ఆ మాట తీపి ఏసుమణి నోట్లో మధ్యాహ్నం దాకా నిలిచింది.

మూడింటికి విభాగంలోనే ఏసుమణికి శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ క్రీస్తురాజు నవ్వుతూ, “ఏసుమణి గారు పోతున్నా దిగుల్లేదు, మనకు షారన్ ఉంది,” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. షారన్ ఒక్కతే కొట్టలేదు. ఆమె చూపు కిటికీ అవతల వరండా బల్ల మీద ఉంది. అక్కడ తహీర్, సముద్రపు గాలికి ఎగరకుండా మెమోను మోకాలి కింద అదిమి, ఇంకా కూర్చునే ఉన్నాడు.

ఏసుమణి కూడా అటు చూసి, లేచి సొరుగు తెరిచింది. పుస్తకం మొదటి పుటలో తన పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది. 3204 ఉన్న పుట తిప్పి, పెన్సిలు మొన మళ్లీ తడిపి ఆగిన గీత గీసి, ఆ పుట తెరిచే షారన్ కీబోర్డు మీద పెట్టింది.

“ముందు ఆయన కాయితం సరిచేసి పంపు. తక్కినవి ఇందులో చూసి దిద్దు. మొదటి పేజీలో నా పేరుంది. దాన్ని మాత్రం చెరపబాక.”

షారన్ బదులిచ్చేలోగా ఆమె మెట్లు దిగింది. గేటు ముందు వాకాడు బస్సు ఆగి, ఆమెను ఎక్కించుకుని కదిలింది. కీబోర్డు మీద తెరిచి ఉన్న నీలి అట్ట పుస్తకంలో, 3204 కింది ఎర్ర గీత మొదట్లో తడి ఇంకా ఆరలేదు.