గోడవైపు పాఠం

కాలేజీలో తనను అందరూ గోడ మాస్టారు అంటారని ఆయనొక్కడికే తెలియదు. ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదో ఏట తెలిసింది, అదీ కాగితం మీద.

పాఠాలు చెప్పేవాళ్ల గురించి విద్యార్థులు ఏమనుకుంటున్నారో పేరు పెట్టకుండా రాసిచ్చే పద్ధతి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఎప్పట్నుంచో ఉంది. రాసిన కాగితాలు బీరువాలోకి వెళ్లి, అక్కడే పసుపురంగుకి తిరిగేవి. ఈ ఏడాది డిపార్ట్‌మెంటుకి కొత్తగా వచ్చిన హెడ్ మేడమ్ మాత్రం వాటిని టైపు చేయించి, ఎవరివి వాళ్ల చేతిలో పెట్టింది.

"చదవండి మాస్టారూ, కోప్పడకండి. నావీ ఉన్నాయి. నిన్నంతా నేనూ మూతి ముడుచుకునే కూర్చున్నా" అంది.

ఆయన తన గదికొచ్చి, తలుపు దగ్గరగా వేసి చదివాడు. మొదట్లో ఫరవాలేదు. లెక్కలు తప్పు లేకుండా చేస్తారు. పేపర్లు దిద్దడంలో పక్షపాతం లేదు. టైముకి వస్తారు. ఆ తర్వాతే మొదలైంది.

"సబ్జెక్టు సార్‌కి వచ్చు, మాకు రాదు. రెంటికీ మధ్య సార్ వీపు ఉంది."

"గోడ మాస్టారి క్లాసుకి మేం వెళ్లకపోయినా క్లాసు జరిగిపోతుంది."

చివరి మాట దగ్గర ఆయనకు తల కొట్టేసినట్టయింది. కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ఎందుకంటే ఆ రాసిందెవరో గానీ, రాసింది నిజం.

ఆయనకు నత్తి. కొందరికి ఉన్నట్టు అన్ని మాటల దగ్గరా కాదు, 'బ' దగ్గర. చిన్నప్పుడు స్కూల్లో నిలబెట్టి చదివిస్తే 'బ' దగ్గర ఇరుక్కునేవాడు. క్లాసంతా నవ్వితే చొక్కా తడిసిపోయేలా చెమట పట్టేది. పెద్దయ్యాక తప్పించుకునే దారులు నేర్చుకున్నాడు. బాగుంది అనాల్సిన చోట చక్కగా ఉంది అంటాడు, బయల్దేరదాం అనడు, వెళ్దాం అంటాడు. కానీ ఏం లాభం? చెప్పేది చూస్తే లోహాల బలం, దూలాల వంపు. బీమ్, బెండింగ్, బోల్టు, బేరింగు. ఏ పేజీ తీసినా 'బ' గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. చేరిన మొదటి నెలలోనే ఒక సంగతి కనిపెట్టాడు: ఎదురుగా మొహాలు లేకుండా, బోర్డు మీద రాస్తూ చెబితే మాట ఇరుక్కోదు. అంతే, ఆ నాడు అటు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు.

ఆ సాయంత్రం కాగితాలు భార్య ముందు పెట్టాడు. ఆవిడ కళ్లద్దాల షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. నిలబడే అన్నీ చదివి, వీపు మాట దగ్గర పక్కున నవ్వింది. ఆయన మొహం చూసి నవ్వు ఆపుకుంది.

"ఏవండీ, మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్నతోనూ మీరు కిటికీ వైపు చూసే మాట్లాడారు. అబ్బాయికి మన కిటికీ తెగ నచ్చిందమ్మా అన్నారాయన."

"నువ్వూ ఆడుకో."

"ఆడుకోవట్లేదు. మా షాపుకొచ్చేవాళ్లలో సగంమంది అక్షరాలు కనపడకపోయినా కనపడుతున్నాయంటారు. నామోషీ. నేనేం చేస్తానో తెలుసా? ఆగుతాను. తొందరపెడితే అబద్ధం చెప్తారు, ఆగితే నిజం చెప్తారు. మీ మాట వచ్చేదాకా ఆగే అవకాశం మీ క్లాసు పిల్లలకి మీరెప్పుడిచ్చారు?"

మర్నాడు ఆయన ఒక పని చేశాడు. పిల్లలందరూ మెచ్చుకునే కుర్ర లెక్చరర్ ఒకడున్నాడు, ఈయన్ని అన్నా అని పిలుస్తాడు. "తమ్ముడూ, ఇవాళ నీ క్లాసులో కూర్చుంటానయ్యా" అని అడిగి, వెనక బెంచీ మీద ఒక పొడుగాటి అమ్మాయి పక్కన సర్దుకున్నాడు. ఆమె ఆ క్లాసుకి ప్రతినిధి. గొంతు పెద్దది కాబట్టి అందరూ స్పీకర్ అంటారు. ఈ మాస్టారి దగ్గరా ఈ బ్యాచే చదువుతోంది.

కుర్ర లెక్చరర్ చేతులు తిప్పుతూ, జోకులేస్తూ చెప్పుకుపోతున్నాడు. ముందు వరుసలు పడీపడీ నవ్వుతున్నాయి. వెనక్కి మాత్రం ఫ్యాన్ల రొద తప్ప ఏమీ వినపడలేదు. ఇరవై నిమిషాలకి ఆయనకు కునుకు పట్టింది. అమ్మాయి మోచేత్తో మెల్లిగా తట్టింది.

"సార్, పడిపోతారు."

"నీకు వినపడుతోందా అమ్మా?"

"సార్ మంచివారే సార్. కాకపోతే ముందు నాలుగు వరుసలకే చెప్తారు. వెనకవాళ్లం మాది స్వయంకృషి."

ఆయన కళ్లు నులుముకుని అడిగాడు. "మరి నా క్లాసులో?"

అమ్మాయి తటపటాయించింది. "చెప్పనా సార్?"

"చెప్పు."

"మీ క్లాసులో అందరం వెనకవాళ్లమే సార్."

ఆ మర్నాడు ఆయన క్లాసుకి వెళ్లి, సుద్దముక్క ముట్టుకోకుండా, బల్లకి ఇవతల నిలబడ్డాడు. అరవై రెండు మొహాలు. ఇంతమందా అనుకున్నాడు.

"ఈ రోజు మనం చూసేది బ... బ..."

మాట ఇరుక్కుంది. ముందు వరుసలోంచి ఎవరో సాయంగా "బీమ్ సార్" అని అందించారు. మూల నుంచి ఒక కిసుక్కుమన్న నవ్వు వినపడింది. చెమట, ఆ చిన్నప్పటి చెమటే, మెడ మీదుగా దిగింది. బోర్డు వైపు తిరిగిపోదామని భుజం కదిలింది కూడా. పళ్లు బిగించి నిలబడ్డాడు.

"నాకు నత్తి ఉంది. చిన్నప్పట్నుంచీ. ఆ ఒక్క అక్షరం దగ్గరే. నా ఖర్మకి ఈ సబ్జెక్టులో మాటలన్నీ దాంతోనే మొదలవుతాయి" అన్నాడు. ఈసారి క్లాసంతా నవ్వింది. తనూ నవ్వాడు. "అందుకే ఇన్నాళ్లూ అటు తిరిగి చెప్పాను. మాట అందించకండి. కాస్త ఆగండి. అదే వస్తుంది."

ఆగారు. వచ్చింది.

బల్ల మీద రెండు డస్టర్లు దూరంగా పెట్టి, వాటి మీద చెక్క స్కేలు వేసి, నడుమ వేలితో నొక్కాడు. విరిగితే ఎక్కడ విరుగుతుందని అడిగాడు. మధ్యలో అన్నారు, చివర అన్నారు, అసలు విరగదని ఒకడు పందెం కాశాడు. ఎందుకు విరుగుతుందని అడిగేసరికి కనుబొమలు ముడిపడటం మొదలైంది. మూడు వారాల కిందట బోర్డు నిండా రాసి, అయిపోయిందనుకున్న పాఠం సగంమందికి తలకెక్కనే లేదని ఆ కనుబొమల్ని చూశాకే తెలిసింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు.

అలా నెల గడిచింది. ఒకరోజు స్పీకర్ ఆయన గదికొచ్చింది.

"సార్, క్లాసు తరఫున వచ్చాను. ఇప్పుడు అర్థమవుతోంది. కానీ రెండు చాప్టర్లు మిగిలిపోయాయి. పరీక్షలకి మూడు వారాలే టైముంది."

ఆయనకు ఉక్రోషం వచ్చింది. "అర్థం కావాలంటారు, పూర్తి కావాలంటారు. ఏదో ఒకటి కోరుకోండమ్మా."

"రెండూ కావాలి సార్. ఫీజు రెంటికీ కలిపే కట్టాం."

శనివారం పొద్దున్న వస్తానన్నాడు.

మొదటి శనివారం పంతొమ్మిది మంది వచ్చారు. తలుపు దగ్గర ఒక కుర్రాడు లోపలికి రాకుండా నసుగుతూ నిలబడ్డాడు.

"సార్, ఆ రోజు మూలనుంచి నవ్వింది నేనే."

"తెలుసు."

"ఎలా తెలుసు సార్?"

"ఇటు తిరిగే ఉన్నాను కదయ్యా, కనపడ్డావు. లోపలికి రా."

కుర్రాడు ముందు బెంచీలో కూర్చున్నాడు. ఆ పూట ఎక్కువ ప్రశ్నలు వాడివే. ఒకదానికి ఆయన దగ్గరా జవాబు లేదు. సోమవారం చూసి చెప్తానన్నాడు, చెప్పాడు. రెండో శనివారానికి ముప్ఫైమంది అయ్యారు.

పరీక్షల నాటికి ఒక చాప్టరు పూర్తయింది, రెండోది సగంలో ఆగిపోయింది. కిందటేడు పదిహేడు మంది తప్పిన పేపర్లో ఈసారి తొమ్మిది మంది తప్పారు. పేపర్ తేలిగ్గా వచ్చిందన్నారు కొందరు. కావచ్చు. మాస్టారు ఆ తొమ్మిది మందినీ గదికి పిలిపించి, సెలవుల్లో వారానికి రెండు పూటలు వస్తారా అని ఒక్కొక్కర్నీ విడిగా అడిగాడు. ఏడుగురు వస్తామన్నారు. మిగిలిన ఇద్దరు ఆలోచించుకుని చెప్తామన్నారు. ఆయన తొందరపెట్టలేదు.