గోతి మీద వంతెన

పురావస్తు తవ్వకాల గోతి మీదుగా సందర్శకులు నడవడానికి ఇనుప వంతెన కడుతున్న రోజుల్లో, కింద తవ్వే పరిశోధకురాలికీ పైన పనిచేసే వెల్డరుకూ క్షణం పడేది కాదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఏనాటిదో ఒక ఇంటి మట్టినేలను కుంచెతో శుభ్రం చేసేది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఇనుప రజను రాలేది.

"ఏమండీ, కింద మనుషులున్నారు!"

"తెలుసు మేడమ్. రోజూ వినబడుతూనే ఉన్నారు" అనేవాడతను.

ఒకసారి బోల్టు జారి ఆమె ముందే పడింది. నేల సొట్టపోయింది. ఈసారి ఆమె అరవలేదు, వంగి ఆ చుట్టుపక్కల నేలను పరీక్షగా చూసింది. వెల్డరు పని ఆపేశాడు. నిచ్చెన దిగి వచ్చి, దూరంగానే నిలబడి, "ఏం పాడైంది?" అని అడిగాడు.

ఆమె వేలుతో చూపించింది. ఒకనాటి తడిమట్టిలో ఎవరో పసిబిడ్డ పాకిన చేతి గుర్తులు. బోల్టు వాటికి జానెడు దూరంలో పడింది.

"ఇంత చిన్నవా!" అంటూ అతను అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే వంతెన కింద టార్పాలిన్ కట్టాడు. ఆ తర్వాత ఇద్దరి టిఫిన్ డబ్బాలూ ఒకేచోట తెరుచుకునేవి. పోట్లాట మాత్రం మానలేదు. అది లేకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

వంతెన తెరిచిన రోజు జనం విరగబడ్డారు. అంతమంది నెత్తిమీద నిలబడి చూస్తుంటే ఆమెకు చేతులాడలేదు.

"పాపం, ఏం పారేసుకుందో, అంతలా వెతుకుతోంది!" అన్నారెవరో. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసింది.

అంతలో వెల్డరు తన తల్లిని నడిపించుకొచ్చాడు. కాళ్ల కింద జాలీలోంచి గొయ్యి కనబడుతుంటే పెద్దావిడ కమ్మీని వదలడం లేదు. అయినా వంగి చూసి, అందరికీ వినబడేలా అడిగింది.

"ఒరేయ్, రోజూ నిన్ను తిట్టిపోసేది ఈ అమ్మాయేనా?"

వెల్డరు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"నేనేనండీ" అంది ఆమె కిందనుంచి.

"మంచిపని చేస్తున్నావమ్మా. వీడు నా మాట వినడం ఎప్పుడో మానేశాడు. ఒకసారి పైకి రా, ముఖం చూస్తాను."

ఆమె మట్టిచేతులు ప్యాంటుకు తుడుచుకుని నిచ్చెనెక్కింది. పెద్దావిడ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అటు చివరిదాకా తీసుకెళ్లమ్మా. వీడు కట్టిందంటేనే నాకు భయం."

కింద కనబడే ఒక్కో గదినీ చూపిస్తూ ఆమె మెల్లగా నడిపించింది. వెల్డరు వాళ్ల వెనకే నడిచాడు. ఇద్దరిలో ఎవరూ అతనికి మాట్లాడే సందివ్వలేదు. అతనికి అది హాయిగానే ఉంది.